ఓరె కొండ మీద సరళీ వరుసలు

(2025 జూలైలో విజయనగరంలో ఒక గ్రంథాలయం మేడమీద హాల్లో జరిగిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా రాసుకున్నాం. చివర శ్రోతలు అడిగినవి కూడా కలిపాం.)

అందరికీ నమస్కారమండీ. కరెంటు మళ్లీ పోయేలోపు మొదలుపెట్టేస్తాను.

వయొలిన్ పాఠాలు చెప్పుకునే ఆవిడ మంచు ఆటల గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపిస్తూ ఉంటుంది. నన్ను పిలిచినవాళ్లు కూడా అమెరికాలో మన సంగీతం ఎలా సాగుతోందో చెప్పమన్నారు. అది చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఇంకోటి చెబుతాను అన్నాను. సరే కానివ్వండి అన్నారు. వాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి. (నవ్వులు)

నేను ఈ ఊళ్లో వయొలిన్ నేర్చుకున్నాను. ద్వారం వెంకటస్వామినాయుడుగారు తిరిగిన ఊరు కాబట్టి, ఆ రోజుల్లో ఇక్కడ ఏ సందులోకి వెళ్లినా ఏదో ఒక ఇంట్లోంచి కమాను గీస్తున్న చప్పుడు వినపడేది. పెళ్లయ్యాక బోస్టన్ పక్కకి వెళ్లిపోయాను. మా అమ్మాయికి ఎనిమిదేళ్లప్పుడు వాళ్ల బళ్లో స్కీయింగ్, అంటే కాళ్లకి పొడవాటి పలకలు కట్టుకుని మంచు మీద జారడం, నేర్పుతామన్నారు. పంపించాను. అప్పట్నుంచి చలికాలంలో శనాదివారాలు నాకు కొండ కిందే తెల్లారేవి. ఒకసారి నేనూ స్కీలు కట్టుకున్నాను. కట్టుకుని నిలబడ్డాను, అంతే, కొండ నన్ను వదిలేసింది. పడ్డాక లేవడానికి ఇద్దరు పిల్లలు సాయం పట్టారు. ఆ తరవాత చూడటానికే పరిమితమయ్యాను. చూడగా చూడగా ఒకమ్మాయి మీద కన్ను పడింది. ఆ పిల్ల పేరు మికేలా షిఫ్రిన్, అమెరికా తరఫున ఆడే స్కీ ఆటగత్తె.

ముందు మంచు సంగతి చెప్పాలి. మనకి మాట ఒక్కటే ఉంది. తెల్లవారుజామున రోడ్డు కనపడకుండా కమ్మేదీ మంచే, గడ్డి మీద పడేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. డిసెంబర్లో లంబసింగి వెళ్లొచ్చినవాళ్లు మంచు చూసొచ్చామంటారు, అదీ నిజమే. కానీ ఈ ఆటలో దూదిలా ఉండే మంచు వేరు, గాజులా ఉండే మంచు వేరు. పోటీ జరిగే దారిని దూదిలా ఉంచరు. మంచు లోపలికి నీళ్లు ఎక్కిస్తారు. చిన్న చిన్న రంధ్రాలున్న పొడవాటి గొట్టాన్ని నేల మీద పరిచి, నీటిని లోపలికి కొట్టిస్తారు. రాత్రి చలికి అదంతా బిగుసుకుపోతుంది. ఎందుకంటే మెత్తటి మంచైతే మొదట వెళ్లినవాళ్లకి బాగుంటుంది, ఇరవయ్యో మనిషి వచ్చేసరికి గుంతలు పడిపోతాయి. గట్టిగా ఉంటే అందరికీ ఇంచుమించు ఒకే దారి దొరుకుతుంది. ఆ గట్టిదనం మీద స్కీ అంచు కోసుకుంటూ పోతుంటే వచ్చే చప్పుడుంది చూశారూ, కోరాము పళ్ల మీద ఖాళీ కొబ్బరిచిప్ప గీసినట్టు ఉంటుంది. టీవీలో సరిగ్గా వినపడదు. దగ్గర నిలబడితే పళ్లు జివ్వుమంటాయి.

ఇప్పుడు ఆట. కొండ మీంచి కిందికి జారే పోటీల్లో ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి. డౌన్‌హిల్, సూపర్-జి, జెయింట్ స్లాలమ్, స్లాలమ్. మొదటి రెండూ వేగం కోసం. చివరి రెండూ మలుపుల కోసం. స్లాలమ్‌లో ఎర్రవీ నీలంవీ కర్రలు పాతుతారు, వాటిని గేట్లంటారు. యాభై, అరవై గేట్లు ఉంటాయి. జెయింట్ స్లాలమ్‌లో అవి ఇంకా దూరదూరంగా ఉంటాయి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకి, అలా వరసగా తిరుగుతూ దిగాలి. ఒక్క గేటు తప్పినా ఆట అయిపోయినట్టే. ఒక పరుగు నిమిషం లోపే అయిపోతుంది. మధ్యాహ్నం ఇంకో పరుగు, వేరే రకంగా పాతిన గేట్ల మధ్య. రెండిటి కాలమూ కలుపుతారు. మొదటి పరుగులో మొదటి ముప్పైమందిలో ఉంటేనే రెండోదానికి పిలుస్తారు. అది కూడా తలకిందుల వరసలో. ముప్పయ్యో స్థానం మనిషి ముందు, మొదటి స్థానం మనిషి అందరికన్నా చివర. అంటే ఉదయం అందరికన్నా ముందున్న పిల్ల మధ్యాహ్నం కొండ మీద ఒక్కత్తీ మిగిలిపోయి, కింద ఎవరు ఎంత వేగంగా దిగారో వింటూ నిలబడాలి. నన్నడిగితే ఈ ఆటలో కష్టమైన ఘట్టం అదే.

తేడా ఎంత ఉంటుందంటారా? సెకనుని నూరు ముక్కలు చేసి, అందులో ఒక్క ముక్కని కూడా లెక్కలోకి తీసుకుంటారు. స్లాలమ్‌లో గంటకి నలభై కిలోమీటర్ల వేగమనుకోండి, నూరో వంతు సెకనులో మనిషి పదకొండు సెంటీమీటర్లు పోతుంది. అర జానెడు. పతకానికీ వట్టి చేతులకీ మధ్య చాలాసార్లు ఉండేది ఆ అర జానెడే.

షిఫ్రిన్ 1995 మార్చి 13న కొలరాడోలోని వేల్‌లో పుట్టింది. నాన్న జెఫ్, మత్తు డాక్టరు. అమ్మ ఐలీన్, నర్సు. ఇద్దరికీ స్కీ పోటీల అనుభవం ఉంది. పసిపిల్లగా ఉన్నప్పుడే ఇంటిముందు దారిలో ప్లాస్టిక్ స్కీలు కట్టి వదిలారు. తరవాత కుటుంబం న్యూ హాంప్‌షైర్‌కి మారింది. అక్కడివి కొలరాడో కొండల్లాంటివి కావు, చిన్న చిన్న గుట్టలు, వాటి మీద అంతా గడ్డకట్టిన మంచు. ఆవిడ ఆటకి పునాది ఆ గట్టి నేల మీద పడింది. ఆ పైన వెర్మాంట్‌లో బర్క్ మౌంటెన్ అకాడమీ అని స్కీ పిల్లల బడి ఉంది, అక్కడ చదివింది.

ఇక్కడో సంగతి ఉంది. అసలు నేను ఈ అమ్మాయి గురించి మాట్లాడాలనుకున్నదే దీని కోసం.

మిగతా పిల్లలంతా వారం వారం పోటీలకి పోతుంటే షిఫ్రిన్ ఇంటివాళ్లు పంపేవారు కాదు, లేదా చాలా తక్కువ పంపేవారు. వాళ్ల లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. పోటీ రోజంటే పొద్దున్నే కారెక్కాలి, వరసలో నిలబడాలి, చలిలో వణకాలి, పొద్దంతా గడిచాక స్కీల మీద ఉన్నది మొత్తం రెండు నిమిషాలు. అదే సాధన రోజైతే కొండ ఎక్కీ దిగీ వందల మలుపులు తిరగొచ్చు. కాబట్టి పోటీ మానెయ్, మలుపులు తిరుగు. ఆ అమ్మాయి కూడా దీనికి ఏడవలేదు సరికదా, అదే ఇష్టపడింది. పాదం ఎక్కడ నొక్కాలి, మోకాలు ఎంత వంచాలి, భుజం కదలకుండా నడుము ఎలా తిప్పాలి, ఇవే గంటల తరబడి. నిలకడ కోసం ఒంటిచక్రం సైకిలు తొక్కడం నేర్చింది. అది తొక్కుతూ బంతులు గాల్లోకి ఎగరేసి పట్టడం కూడా.

ఇది విన్నప్పుడు నాకు మా గురువుగారి వసారా గుర్తొచ్చింది. మాయామాళవగౌళలో సరళీ వరుసలు. మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం. ఏడాది దాటినా అవే. పక్కింటి పిల్ల అప్పుడే గీతాలు పాడేస్తోంది, నవరాత్రుల్లో గుళ్లో కచేరీ కూడా చేసేసింది. నేను మా అమ్మ దగ్గర గోల పెడితే, అమ్మ వెళ్లి ఆయన్ని అడిగింది. ఆయన తల కూడా ఎత్తకుండా, "రిషభం ఇంకా వణుకుతోందమ్మా" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. నేను ఆయనంతటి గురువుని కాలేదు, ఈ అమ్మాయంతటి శిష్యురాల్నీ కాలేదు. కానీ సాధకం అంటే ఏమిటో తెలుసు. అందుకే ఆ పిల్ల మలుపు తిరగడం చూసినప్పుడు, ఇది సరళీ వరుసలు తిన్నగా వాయించిన చెయ్యి అని పోల్చుకోగలిగాను.

ఇప్పుడు ఓరె. స్వీడన్‌లో ఒక కొండ ఊరు. ఆ ఊరి పేరు పలికే తీరు ఇంచుమించు అంతే, ఓరె. నవ్వకండి, మొదటిసారి టీవీలో విన్నప్పుడు నేను కూడా ఎవర్ని పిలుస్తున్నాడా అని వెనక్కి చూశాను. (నవ్వులు) ఈ అమ్మాయి జీవితంలో మంచీ చెడూ అన్నీ ఆ ఊరికే వచ్చి చేరాయి. ఎవరో కూర్చుని రాసినట్టు ఉంటుంది.

2011 మార్చి 11న, పదహారో పుట్టినరోజుకి రెండు రోజుల ముందు, చెక్ దేశంలోని స్పిండ్లెరూవ్ మ్లిన్‌లో మొదటిసారి వరల్డ్ కప్ పోటీకి దిగింది. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. వరల్డ్ కప్ అంటే మన క్రికెట్‌లో లాగా నాలుగేళ్లకోసారి వచ్చేది కాదు. చలికాలం పొడుగునా ఊరూరా తిరిగే పోటీల వరస. ఒక్కో పోటీ గెలిస్తే ఒక గెలుపు కింద లెక్క. 2012 డిసెంబర్ 20న ఓరెలో స్లాలమ్ గెలిచింది. అది మొదటి గెలుపు. పదిహేడేళ్లు. ఆ చలికాలమే ఆస్ట్రియాలోని ష్లాడ్మింగ్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. మర్నాడు ఏదైనా బడికి పోవలసిన వయసు.

2014 సోచి ఒలింపిక్స్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మొదటి పరుగు అయ్యేసరికి ఈమే ముందుంది. రెండో పరుగులో, అనుకున్నట్టే అందరికన్నా చివర దిగుతోంది. సగం దాటాక ఒక మలుపులో ఎడమ స్కీ గాల్లోకి లేచిపోయింది. బరువంతా వెనక్కి ఒరిగిపోయింది. అక్కడ ఎవరైనా పడిపోవాలి. నేను టీవీ ముందు నిలబడిపోయాను. ఆ పిల్ల మాత్రం ఒంటికాలి మీద ఉన్నప్పుడే రెండో కాలిని కిందికి తెచ్చి, తరవాతి గేటుకి ఆలస్యం కాకుండా తిరిగేసింది. మొత్తం రెప్పపాటు. ఆస్ట్రియా అమ్మాయి మార్లీస్ షిల్డ్ మీద 0.53 సెకను తేడాతో బంగారం. చిన్నప్పట్నుంచి ఎవరి వీడియోలు చూసి నేర్చుకుందో ఆవిడ మీదే! ఒలింపిక్ స్లాలమ్ గెలిచినవాళ్లలో ఇంత చిన్నవాళ్లు అంతకు ముందు లేరు, పద్దెనిమిదేళ్లు. అందరూ అదృష్టం అన్నారు. పాట మధ్యలో తంతి తెగితే మిగిలిన తంతుల మీద ముగించేవాళ్లని మీరు చూసే ఉంటారు ఈ ఊళ్లో. దాన్ని అదృష్టమంటామా?

2015 నవంబర్‌లో యాస్పెన్‌లో రెండో స్థానం మనిషి కన్నా 3.07 సెకన్లు ముందు వచ్చింది. అర జానెడు తేడాల ఆటలో మూడు సెకన్లంటే, పక్క మనిషి వేరే బస్సెక్కి వచ్చినట్టు. ఆడవాళ్ల స్లాలమ్‌లో అది రికార్డు. రెండు వారాలకే, ఓరెలో, పోటీకి ముందు ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి జారుతుంటే పడి మోకాలు దెబ్బతింది. రెండు నెలలు పోటీలకి దూరం. ఫిబ్రవరిలో స్విట్జర్లాండ్‌లోని క్రాన్స్-మోంటానాకి వచ్చి, వచ్చిన మొదటి పోటీయే గెలిచింది.

2018-19 చలికాలంలో 17 గెలుపులు. అంతకు ముందు ఒక సీజన్‌లో ఎక్కువంటే స్విస్ ఆటగత్తె వ్రేని ష్నైడర్ గెలిచిన 14. కప్పుల లెక్కలు చెబితే మీరు నిద్రపోతారు, వదిలేస్తాను. ఆ సీజన్‌లోనే ప్రపంచ చాంపియన్‌షిప్ ఎక్కడ జరిగిందో చెప్పక్కర్లేదనుకుంటాను. (సభలోంచి: "ఓరె!") ఆఁ, ఓరె. ఊపిరితిత్తుల్లో జబ్బు, దగ్గు ఆగట్లేదు. మొదటి పరుగులో మూడో స్థానం. రెండు పరుగుల మధ్య పడుకుంది. ఈవిడకి పోటీ మధ్యలో కునుకు తీసే అలవాటు ముందునుంచీ ఉంది, నాకు భలే నచ్చుతుంది అది. లేచి వచ్చి గెలిచింది. 2013, 2015, 2017, 2019, వరసగా నాలుగు ప్రపంచ స్లాలమ్ బంగారాలు. స్లాలమ్‌లో వరసగా నాలుగు అంతవరకూ ఎవరికీ లేవు.

జెఫ్‌గారు ఎప్పుడూ కెమెరా పట్టుకుని కంచె పక్కన ఉండేవారు. ఫొటోలంటే ఆయనకి పిచ్చి. అమ్మ కోచ్‌గా కూతురి వెంటే తిరిగేది. నాన్న ఇంట్లో డ్యూటీలు చేసుకుంటూ, వీలున్నప్పుడల్లా విమానమెక్కి వచ్చి ఫొటోలు తీసేవారు. 2020 ఫిబ్రవరి 2న ఇంట్లో జరిగిన ప్రమాదంలో ఆయన పోయారు. తల్లీ కూతురూ యూరప్‌లో ఉన్నారు. పరిగెత్తుకొచ్చారు. సీజన్ మధ్యలో ఆగిపోయింది. నెల దాటాక, సరే, మళ్లీ మొదలుపెడదామని వెళ్లింది. ఎక్కడికి? ఓరెకే. అక్కడికి చేరాక కోవిడ్ వల్ల ఆ పోటీలు రద్దయ్యాయి. స్కీలు సర్దుకుని మళ్లీ ఇంటికి. ఆ డిసెంబర్లో ఫ్రాన్స్‌లోని కూర్షెవెల్‌లో జెయింట్ స్లాలమ్ గెలిచింది, నాన్న పోయాక మొదటి గెలుపు. గీత దాటి, బోర్డు మీద కాలం చూసుకుని, ఏడ్చింది. నేను కూడా. మా నాన్నగారు పోయి అప్పటికి ఏడాదిన్నర. నేను వయొలిన్ పెట్టె తెరవడానికి ఎనిమిది నెలలు పట్టింది. తెరిస్తే కమాను పట్టుకునే వేళ్లు నావి కానట్టున్నాయి.

2022 బీజింగ్. అందరూ ఐదు పతకాలన్నారు, ఆరు అన్నారు. జెయింట్ స్లాలమ్‌లో కొన్ని సెకన్లలోనే పడిపోయింది. రెండు రోజుల తరవాత స్లాలమ్, తన సొంత ఇల్లులాంటి పోటీ. నాలుగైదు గేట్లు దాటకుండానే దారి తప్పింది. పక్కకి వెళ్లి, స్కీలు తీసి, మంచులో మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుంది. చాలాసేపు అలాగే ఉంది. కెమెరాలు మాత్రం ఆ పిల్ల మీంచి కదల్లేదు. ఒక మనిషి కుప్పకూలుతుంటే అంతసేపు చూపించడం న్యాయం కాదనిపించింది నాకు, ఇప్పటికీ అనిపిస్తుంది. విడి పోటీల్లో ఒక్క పతకం లేకుండా తిరిగొచ్చింది. మధ్యలో తనకి వచ్చిన తిట్లు కొన్ని తనే బయటపెట్టింది. ఎందుకు పడ్డావని అడిగితే, తెలియదంది. ఆ జవాబుకి జనానికి కోపం వచ్చింది. చేతికి వచ్చిన స్వరం వేదిక మీద రాకపోవడం తెలిసినవాళ్లకి కోపం రాదు. ఎందుకు రాలేదో నిజంగానే తెలియదు.

ఆ సీజన్ చివర, అన్ని పోటీల పాయింట్లూ కలిపి ఇచ్చే వరల్డ్ కప్ మళ్లీ తనే గెలిచింది. ఒలింపిక్స్ చూసి టీవీ కట్టేసినవాళ్లకి ఆ సంగతి తెలియదు.

అప్పటిదాకా మగా ఆడా కలిపి అందరికన్నా ఎక్కువ వరల్డ్ కప్ గెలుపులు స్వీడన్‌కి చెందిన ఇంగెమార్ స్టెన్‌మార్క్‌వి. 86. ఆయన 1989లో ఆట మానేశాడు. ముప్పై ఏళ్లు దాటినా ఎవరూ దగ్గరికి రాలేదు. అమెరికాకే చెందిన లిండ్సీ వాన్ 82 దాకా వచ్చి, 2019లో మోకాళ్లు అరిగిపోయి ఆగింది. 2023 జనవరిలో షిఫ్రిన్ ఆ 82ని దాటేసింది. మార్చి 10న జెయింట్ స్లాలమ్ గెలిచి 86కి చేరింది. మర్నాడు, మార్చి 11న, స్లాలమ్. మొదటిసారి వరల్డ్ కప్‌కి దిగిన తేదీకి సరిగ్గా పన్నెండేళ్లు. ఊరు... మీరే చెప్పండి. (సభ: "ఓరె!") మొదటి గెలుపు ఎక్కడో, 87వ గెలుపూ అక్కడే. అదీ స్టెన్‌మార్క్ సొంత దేశంలో. దాదాపు సెకను తేడాతో. అన్నయ్య టేలర్ చెప్పకుండా దిగిపోయి ఆశ్చర్యపరిచాడు. స్టెన్‌మార్క్ అంతకు ముందే, ఆ అమ్మాయి నాకన్నా చాలా గొప్పదని అనేశాడు. మాటలు పొదుపుగా వాడే మనిషి, అన్నాడంటే నమ్మొచ్చు.

అదే ఏడు నవంబర్లో నేను ఈమెని కళ్లారా చూశాను. వెర్మాంట్‌లోని కిల్లింగ్టన్‌లో, థాంక్స్‌గివింగ్ వారాంతం. మాకు కారులో మూడు గంటలు. చీకటితో లేచి పులిహోర కట్టుకుని వెళ్లాం. కొండ కింద జనం ఆవు మెడల్లో కట్టే గంటలు పట్టుకుని వాయిస్తున్నారు. ఈ ఆటలో చప్పట్లకి బదులు అదే ఆచారం. కళ్లు మూసుకుంటే గంగిరెద్దులవాళ్లు వంద జట్లు ఒక్కసారి వచ్చినట్టుంది. పోటీకి ముందు ఆటగత్తెలందరినీ ఒకసారి మెల్లగా పక్కవాటుగా జారుతూ గేట్లు చూసుకోనిస్తారు. ఆ దారిలో ముందుగా సాధన చేయనివ్వరు. చూసి గుర్తుపెట్టుకోవాలి, అంతే. షిఫ్రిన్ మధ్యలో ఆగింది. కళ్లు మూసుకుంది. అరచెయ్యి నిలువుగా పట్టి గాల్లో ఇటూ అటూ తిప్పుతోంది, చేప ఈదినట్టు. మధ్యలో ఒకచోట చెయ్యి ఆగింది. కళ్లు తెరిచి ఒక గేటు వంక చూసింది. మళ్లీ మూసుకుని మొదట్నుంచి. కచేరీకి ముందు గదిలో వయొలిన్ ముట్టకుండా తొడ మీద వేళ్లు ఆడించుకునే విద్వాంసుల్ని చూశాను నేను. అదే మొహం. ఆ ఆదివారం స్లాలమ్ గెలిచింది, 90వ గెలుపు. నా చేతులు కొంకర్లు పోయి పులిహోర తినలేకపోయాను.

తరవాతి ఏడు వెళ్లలేదు. ఇంటికి చుట్టాలొచ్చారు. అప్పటికి 99 గెలిచింది. నూరోది సొంత జనం మధ్య వస్తుందని అంతా ఎదురుచూస్తున్నారు. 2024 నవంబర్ 30, జెయింట్ స్లాలమ్, మొదటి పరుగులో ముందుంది. నేను ఒక చేత్తో పప్పు పోపు పెడుతూ టీవీ చూస్తున్నాను. రెండో పరుగులో ఇంక కొన్ని గేట్లే ఉన్నాయి. అంచు జారింది, ఒక గేటుని గుద్దుకుంది, పల్టీ కొట్టి వలలోకి దొర్లిపోయింది. ఎండుమిరపకాయలు మాడిపోయాయి. బల్ల మీద కట్టి కిందికి తీసుకొస్తుంటే జనానికి చెయ్యి ఊపింది. కడుపు పక్కన ఏదో లోతుగా గుచ్చుకుపోయింది. ఏం గుచ్చుకుందో కూడా తేలలేదు. పేగుకి కాస్త దూరంలో ఆగింది. లోపల నీరు చేరితే ఆపరేషన్ చేశారు.

గాయం మానింది. భయం మానలేదు. జెయింట్ స్లాలమ్ గేట్ల మధ్యకి వెళితే ఒళ్లు మాట వినట్లేదని, కళ్లముందు మళ్లీ మళ్లీ పడిపోతున్న దృశ్యాలొస్తున్నాయని తర్వాత తనే రాసింది. పీటీఎస్‌డీ అంటారు దాన్ని. యుద్ధం చూసొచ్చిన సిపాయిలకి వస్తుందని మనం వినే జబ్బు. జనవరి 30న కూర్షెవెల్‌లో తిరిగొచ్చింది, స్లాలమ్‌లో పదో స్థానం. ఫిబ్రవరిలో ఆస్ట్రియాలోని జాల్‌బాఖ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్. జెయింట్ స్లాలమ్ బంగారం అంతకు ముందుసారి తనదే, నిలబెట్టుకోవాలి. దిగనంది. సిద్ధంగా లేనంది. తను గెలిచిన పోటీ గేటు దగ్గర నిలబడి, నావల్ల కాదు అనడానికి ఎంత ఉండాలో! బదులుగా జంట పోటీకి వెళ్లింది. బ్రీజీ జాన్సన్ అనే తోటి అమ్మాయి డౌన్‌హిల్, ఈమె స్లాలమ్. ఇద్దరికీ బంగారం. ప్రపంచ చాంపియన్‌షిప్‌ల్లో అది ఈమెకి 15వ పతకం. 1930ల్లో జర్మన్ ఆటగత్తె క్రిస్ల్ క్రాంజ్ పేరున ఉన్న లెక్కతో సమానం.

ఆ తరవాత వారం ఇటలీలోని సెస్ట్రియేర్. శుక్రవారం జెయింట్ స్లాలమ్‌లో ఇరవై ఐదో స్థానం. శనివారం మళ్లీ జెయింట్ స్లాలమ్, మొదటి ముప్పైలో కూడా లేదు. రెండో పరుగుకి పిలుపే రాలేదు. 99 గెలిచిన మనిషి మధ్యాహ్నం హోటల్ గదికి పోవాల్సి వచ్చింది. ఆదివారం, ఫిబ్రవరి 23, స్లాలమ్. 0.61 సెకను తేడాతో గెలిచింది. నూరు.

నాకు ఆ శనివారానికీ ఆదివారానికీ మధ్య రాత్రి గురించే కుతూహలం. ఏం చేసుంటుంది? నిద్రపోయి ఉంటుందని నా అనుమానం. (నవ్వులు) 2025 మార్చిలో ఇంకోటి గెలిచింది. దాంతో 101 అయ్యాయి.

మీరేమైనా అడుగుతారా?

శ్రోత: మన దేశంలో ఆడపిల్లలెవరైనా ఉన్నారాండీ ఈ ఆటలో?

ఉన్నారమ్మా. మనాలీ దగ్గర బురువా అనే ఊరి అమ్మాయి, ఆంచల్ ఠాకూర్. 2018 జనవరిలో టర్కీలో ఒక అంతర్జాతీయ పోటీలో స్లాలమ్ కంచు పతకం తెచ్చింది. స్కీయింగ్‌లో మన దేశానికి అంతర్జాతీయంగా అదే మొదటి పతకం అన్నారు. మన హిమాలయాల్లో మంచుకి లోటు లేదు. చలికాలమంతా నడిచే లిఫ్టులు, నీళ్లు ఎక్కించి గట్టిచేసిన దారులు, రోజూ నిలబడే కోచ్, అవే తక్కువ. గుట్ట చిన్నదైనా పరవాలేదు, న్యూ హాంప్‌షైర్ చూశాం కదా. రోజూ దొరకాలి.

శ్రోత, ఎనిమిదో తరగతి అబ్బాయి: గెలిస్తే ఏమిస్తారండీ?

డబ్బిస్తారు నాన్నా. కప్పులిస్తారు. ఫిన్లాండ్‌లో లెవీ అనే ఊళ్లో గెలిస్తే రెయిన్‌డీర్‌ని ఇస్తారు, నిజమే. ఇంటికి తీసుకుపోనివ్వరు, అక్కడే పెంచుతారు. పేరు మాత్రం గెలిచినవాళ్లు పెట్టాలి. ఈవిడకి అక్కడ ఒక చిన్న మందే ఉంది. మొదటిదానికి రుడాల్ఫ్ అని పెట్టింది. 2019లో అక్కడ గెలిచినప్పుడు స్లాలమ్ గెలుపుల్లో స్టెన్‌మార్క్‌ని దాటింది, 41 అయ్యాయి. ఆయన 40 దగ్గర ఆగాడు. ఆ ఏడాది రెయిన్‌డీర్‌కి ఏం పేరు పెట్టిందో తెలుసా? ఇంగెమార్.